తుప్పు పట్టిన బండి భాగాలకు అద్దంలాంటి మెరుపు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఒకసారి చెబుతాను. మీ నాన్నగారి పాత బుల్లెట్ పదేళ్ల పాటు రేకుల షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. కిక్ రాడ్డు, గేర్ లివరు, బ్రేక్ పెడలు ఎర్రగా తుప్పు పట్టాయి, హ్యాండిల్ మీద క్రోమ్ చుక్కలు చుక్కలుగా లేచింది, ఇంజిన్ పక్కనున్న అల్యూమినియం కవర్లు మసకబారాయి, సైలెన్సరు కూడా బాగా లేదు. గేర్ లివరును 80 నంబరు ఎమరీతో (రుద్దే గరుకు కాగితం లేదా గుడ్డ, నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది) తెల్లబడేదాకా రుద్ది, ఆపైన మెటల్ పాలిష్ పట్టించారు. తుప్పు పోయింది గాని మెరుపు రాలేదు, ఇనుము బూడిద రంగులో మొద్దుగానే ఉంది. ఇంతకంటే మంచి పాలిష్ ఏది కొనాలి అని అడిగారు.

సూటిగా చెబుతున్నాను. మీకు కావలసింది వేరే పాలిష్ కాదు, 80 నంబరుకూ పాలిష్‌కూ మధ్య మీరు వదిలేసిన ఏడెనిమిది నంబర్ల పని. పూత లేని ఇనుప భాగానికి ఇంట్లోనే అద్దంలాంటి మెరుపు తేవచ్చు. అల్యూమినియం కవర్లకు ఇంకా సులువుగా తేవచ్చు. హ్యాండిల్ మీద తుప్పు లేచిన క్రోమ్‌ను మాత్రం ఎంత రుద్దినా తిరిగి తేలేరు, దానికి మళ్లీ పూత వేయించడం ఒక్కటే దారి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి పని మొదలుపెట్టడం వల్లనే చాలామందికి పని చెడుతుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా బఫింగ్ పని, అంటే తిరిగే గుడ్డ చక్రం మీద లోహానికి మెరుపు తెచ్చే పని, చేస్తున్నాను. నికెల్, క్రోమ్ పూతకు వెళ్లే భాగాలను అద్దంలా తయారుచేసి ఇవ్వడమే మా పనిలో ఎక్కువ భాగం, అందులోనూ పాత బండ్లవే ఎక్కువ. ఈ కింద రాసినది ఆ అనుభవం నుంచి రాసినదే.

మొదట ఏ భాగం ఏ లోహమో తేల్చుకోండి. చిన్న అయస్కాంతం ఒకటి దగ్గర పెట్టుకోండి. అంటుకోకపోతే, మీ బండి విషయంలో, అది అల్యూమినియం అనుకోవచ్చు. అంటుకుంటే ఇనుము లేదా ఉక్కు. అయితే దాని మీద పూత ఉన్నదీ లేనిదీ అయస్కాంతం చెప్పదు, కళ్లతోనే చూడాలి. తుప్పు లేని చోట తుడిచి పగటి వెలుగులో చూస్తే క్రోమ్ కొద్దిగా నీలి ఛాయతో కనబడుతుంది, నికెల్ కొద్దిగా పసుపు ఛాయతో వెచ్చగా కనబడుతుంది. గేర్ లివరుకు, కిక్ రాడ్డుకు మొదట్లో క్రోమ్ పూత ఉండి, ఏళ్ల తరబడి బూటు రాసుకొని ఒకవైపు పూర్తిగా అరిగిపోయి, మరోవైపు మిగిలి ఉండడం మామూలే. మీరు 80 పట్టించిన లివరులో కూడా కొన్నిచోట్ల అంచులు తేలినట్టు పలచని పొర కనబడుతూ ఉంటే అది పాత పూతే.

క్రోమ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే జనం ఎక్కువగా నష్టపోతారు. మనం క్రోమ్ అని పిలిచే మెరుపులో పైనున్న క్రోమియం పొర సాధారణంగా అర మైక్రాను కూడా ఉండదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని కింద పది నుంచి ముప్ఫై మైక్రాన్ల దాకా నికెల్ ఉంటుంది. తుప్పు నుంచి ఇనుమును కాపాడేది ప్రధానంగా ఆ నికెలే, క్రోమియం పైన గట్టి కవచంలా, రంగు కోసం ఉంటుంది. కంటికి కనబడని సూక్ష్మరంధ్రాల గుండా తడి లోపలికి దిగి ఇనుమును తింటుంది, ఆ తుప్పు ఉబ్బి పూతను పైకి లేపుతుంది. అంటే మీకు పైన కనబడే చుక్క, అడుగున జరిగిన నష్టానికి నోరు మాత్రమే. దాని మీద ఎమరీ పెడితే చుట్టూ బాగున్న క్రోమ్ కూడా రెండు నిమిషాల్లో పోతుంది.

కాబట్టి హ్యాండిల్ మీద ఎమరీ ముట్టించవద్దు. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను చిన్న ఉండలా నలిపి, సబ్బునీళ్లలో ముంచి, చుక్కల మీద మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమియం కంటే చాలా మెత్తన కాబట్టి గీతలు పడవు, పైకి తేలిన తుప్పు మాత్రం ఊడి వస్తుంది. ఆ తర్వాత పొడిగుడ్డతో తుడిచి, కారు మైనం పట్టించండి. ఆవగింజంత మచ్చలు అక్కడక్కడా మిగులుతాయి. అవి మీ కంటికి సమ్మతమైతే అలాగే ఉంచుకోవచ్చు, లేకపోతే పూతపనివారికి ఇవ్వండి. వారు పాత పూతను తమ తొట్టెల్లో కరెంటుతో విడగొట్టి, ఇనుమును మళ్లీ సానబట్టి, కొత్తగా వేస్తారు.

ఇక పూత లేని ఇనుము. ఎమరీ పట్టుకునే ముందే తుప్పును కరిగించి తీసేయాలి. తుప్పు మీద నేరుగా రుద్దితే పై తుప్పు పోతుంది, గుంటల అడుగున ఉన్నది అలాగే ఉంటుంది. పైగా ఆ ఎర్రపొడి కాగితంలో ఇరుక్కుని కాగితం పనికిరాకుండా పోతుంది. నాలుగు రోజుల తర్వాత మెరిసే ఉపరితలం మీద నల్లని చుక్కలుగా బయటపడేది ఆ అడుగున మిగిలిన తుప్పే.

మీరు ఇంట్లో చేసుకుంటున్నారు కాబట్టి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) చాలు. కిరాణా కొట్లలో దొరుకుతుంది. ముందుగా భాగాన్ని కిరసనాయిలుతోనో డీజిలుతోనో కడిగి, తర్వాత బట్టల సబ్బు పొడితో జిడ్డంతా పోయేదాకా తోమండి. జిడ్డు ఉన్నచోట ఆమ్లం పని చేయదు, ఆ మచ్చ అలాగే మిగిలిపోతుంది. ఆపైన లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ప్లాస్టిక్ బకెట్టులో భాగం పూర్తిగా మునిగేలా ఉంచండి. మామూలు తుప్పుకు నాలుగైదు గంటలు, మొండి తుప్పుకు ఒక రాత్రి. మధ్యలో రెండుసార్లు తీసి ఇత్తడి బ్రష్‌తో గాని గట్టి నైలాన్ బ్రష్‌తో గాని తోమితే పని త్వరగా అవుతుంది. బయటికి తీసినప్పుడు ఇనుము ముదురు బూడిద రంగులో ఉంటుంది, అది సహజమే. బట్టల సోడా కలిపిన నీటిలో ఒకసారి ముంచి, మంచి నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టండి. వెంటనే అంటే ఆ నిమిషంలోనే. ఆమ్లంలోంచి తీసిన ఇనుము ఎంత ఆకలిగా ఉంటుందంటే, గాలికి వదిలేసిన పావుగంటలోనే పసుపుపచ్చని తుప్పు కమ్ముకుంటుంది. వేడినీళ్లతో చివరి కడుగు కడిగితే భాగం తన వేడికి తానే ఆరిపోతుంది, ఆ మీదట కిరసనాయిలు గుడ్డతో ఒకసారి తుడవండి.

మరుగుదొడ్లు కడిగే ఆమ్లం ఇంకా త్వరగా పనిచేస్తుందని మీకు ఎవరైనా చెబుతారు. త్వరగా పనిచేసే మాట నిజమే. కాని దాని ఆవిరి గదిలో ఉన్న ప్రతి పనిముట్టునూ తుప్పు పట్టిస్తుంది, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, మంచి ఇనుమును కూడా తింటుంది. దీన్ని నేను ఎందుకు ఇంత గట్టిగా వద్దంటున్నానో చెబుతాను. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక బండి స్టాండు స్ప్రింగును శుభ్రం చేయమని ఇస్తే, తొందరలో గాఢమైన ఆమ్లంలో వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున తీస్తే వెండిలా ఉంది. బిగించిన మూడో రోజున, బండి నిలబెట్టి ఉండగానే, ఎవరూ ముట్టుకోకుండానే ఆ స్ప్రింగు టప్పున రెండు ముక్కలైంది. ఆమ్లం ఇనుముతో కలిసినప్పుడు పుట్టే హైడ్రోజను గట్టి ఉక్కు లోపలికి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుందని మా మేస్త్రి అప్పుడు వివరించి చెప్పారు. ఆ స్ప్రింగు ఒక మనిషి కంటికి తగలకపోవడం మా అదృష్టం. స్ప్రింగులను, ఇంజిన్‌లోని బిగువు బోల్టులను, గట్టిపరచిన ఉక్కు భాగాలను ఏ ఆమ్లంలోనూ నానబెట్టవద్దు, నిమ్మ ఉప్పులో కూడా వద్దు. వాటిని కిరసనాయిలు, బ్రష్‌తోనే శుభ్రం చేసుకోండి. అల్యూమినియం భాగాలను, కార్బురేటరును కూడా ఈ బకెట్టులో వేయకూడదు.

బ్యాటరీ చార్జరుతో, బట్టల సోడా నీటిలో కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి కూడా మంచిదే, ఇనుమును తినదు. అయితే భాగాన్ని నెగటివ్ వైపే కలపాలి, రెండో వైపు మామూలు ఇనుప ముక్కనే పెట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే నీటిలో విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు చేరతాయి. హైడ్రోజను వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర నిప్పు ఉండకూడదు.

తుప్పు పోయాక భాగాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూడండి. గుంటలు ఇప్పుడు నిజంగా కనబడతాయి. గోటిని వాటి మీదుగా లాగినప్పుడు ఎక్కడా పట్టకపోతే 180 నంబరుతో మొదలుపెట్టవచ్చు. గోరు కొద్దిగా పట్టుకుంటే 120. గోరు దిగబడేంత లోతుంటే ముందు సన్నపళ్ల ఆకురాయితో చదును చేయాలి. ఏ గుంట మెరుపుతో పూడదు. చుట్టూ ఉన్న లోహమంతా గుంట అడుగు మట్టానికి దిగాలి, అంతే. లివరుకైతే మిల్లీమీటరులో ఐదో వంతు తగ్గినా నష్టం లేదు. ఇరుసుకు, బేరింగు కూర్చునే చోటికి, మరలకు, పళ్లకు, గాస్కెట్ వేసే ముఖాలకు, ఫోర్కు గొట్టాల్లో ఆయిల్ సీలు జారే భాగానికి అలా చేయకూడదు. అక్కడ కొలత ముఖ్యం, మెరుపు కాదు.

ఇప్పుడు అసలు పని. మెరుపు అంటే ఏమిటో ఒక్క మాటలో చెబితే తర్వాతిదంతా సులభంగా అర్థమవుతుంది. కాంతి తరంగం పొడవు మైక్రానులో సగం అటూ ఇటూ ఉంటుంది. ఉపరితలం మీది గరుకు దాని కంటే బాగా చిన్నదైనప్పుడే వెలుగు చెదిరిపోకుండా తిన్నగా వెనక్కి వస్తుంది, మన ముఖం అందులో కనబడుతుంది. 80 నంబరు కాగితం మీది రేణువు సుమారు 200 మైక్రాన్లు. 180 మీద 80 మైక్రాన్లు. 400 మీద 35, 1000 మీద 18, 2000 మీద 10. పాలిష్ ముద్దలో ఉండే రేణువు మైక్రాను అటూ ఇటూ. ఆ చిన్న రేణువుతో 80 నంబరు చేసిన లోయను చదును చేయాలని మీరు ప్రయత్నించారు. లోయ అంచులు కొద్దిగా నునుపు దేరి ఉంటాయి, లోయ మాత్రం అలాగే ఉంది. మీ లివరు బూడిద రంగులో కనబడటానికి కారణం అదే.

నేను వాడే వరుస 120, 180, 240, 320, 400, 600, 800, 1000, ఆపైన చేతితోనే ముగించాలంటే 1500, 2000. బఫింగ్ యంత్రం అందుబాటులో ఉంటే 600 దగ్గర ఆగిపోవచ్చు, మిగిలింది చక్రం చూసుకుంటుంది. 320 దాకా గుడ్డ మీద అతికించిన ఎమరీ, ఆపైన వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే కాగితం. అన్ని నంబర్లూ కొనడం దండగ అనిపించి మధ్యలో రెండు మూడు వదిలేస్తారు. ఒకటి వదిలితే తర్వాతి నంబరుతో రెట్టింపు సేపు రుద్దాలి, రెండు వదిలితే ఆ గీతలు ఇక పోవు.

ఒక్కో నంబరు చేయాల్సింది ఒక్కటే పని: ముందు నంబరు వేసిన గీతలను పూర్తిగా చెరిపేయడం. దాన్ని కంటితో నిర్ధారించుకోవడానికి దిశ మార్చాలి. 180తో పొడవునా రుద్దితే 240తో అడ్డంగా రుద్దండి. పొడవు గీత ఒక్కటి కూడా కనబడకుండా అన్నీ అడ్డగీతలే అయినప్పుడు 240 పని పూర్తయింది. అక్కడే ఆగకుండా, అప్పటిదాకా పట్టిన సమయంలో సగం సేపు ఇంకా రుద్దండి, ఎందుకంటే లోతైన గీత అడుగు చివరిగా పోతుంది, అది కంటికి అందదు. అనుమానం ఉన్నచోట మార్కరు పెన్నుతో రంగు పూసి రుద్దితే పల్లంగా ఉన్నచోట మాత్రమే సిరా మిగులుతుంది.

పోయిన వర్షాకాలంలో మచిలీపట్నం నుంచి ఒకాయన కిక్ రాడ్డు తెచ్చారు. ఉప్పుగాలికి బాగా తినేసి ఉంది. దాని మీద మొత్తం నాలుగు గంటలు పట్టింది, అందులో రెండు గంటలకు పైగా 120 దగ్గరే గడిచిపోయింది. 180 నుంచి 600 దాకా కలిపి గంటన్నర కూడా పట్టలేదు, ప్రతి నంబరూ ముందు దానికంటే త్వరగా అయింది. అయినా 800 దగ్గరికి వచ్చాక, ట్యూబులైటు వెలుగులో తిప్పి చూస్తే, రాడ్డు వంపు లోపలి వైపు వెంట్రుక మందాన ఒక్క గీత మెరిసింది. దాని లోతు చూస్తే 180 వేసిన గీతే. వంపులో వేలు సరిగా ఆనక 240 అక్కడ పైపైన జారిపోయింది. ఆ గీతను 800తో పోగొట్టబోతే అక్కడ గుంట పడుతుంది. అందుకని ఆ రెండంగుళాల మేరకు మళ్లీ 240కి వెళ్లి, అక్కడి నుంచి ఒక్కో నంబరూ చేసుకుంటూ వచ్చాను, ఇంకో నలభై నిమిషాలు పట్టింది. ఇది తప్పించుకోవడానికి వీలు లేని పని. పాలిష్ పెడితే కలిసిపోతుందిలే అని వదిలేస్తే, అద్దం మధ్యలో పగులులా ఆ గీతే ముందుగా కంటికి తగులుతుంది, ఎందుకంటే చుట్టూ నునుపు పెరిగేకొద్దీ అది ఇంకా స్పష్టమవుతుంది.

గుండ్రటి లివర్లకు ఎమరీ గుడ్డను అంగుళం వెడల్పున పేలికగా చించి, భాగాన్ని వైసులో (బల్లకు బిగించే ఇనుప పట్టులో) చెక్కముక్కల మధ్య బిగించి, బూట్లకు గుడ్డతో పాలిష్ లాగినట్టు రెండు చేతులా లాగండి. చదునైన చోట కాగితాన్ని చెక్కముక్కకు గాని గట్టి రబ్బరుకు గాని చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే వేళ్ల మధ్య ఎత్తులు మిగిలి, మెరుపు వచ్చాక నీటి అలల్లా కనబడతాయి. 400 నుంచి తడిగా చేయండి. ఇనుముకు సబ్బునీళ్ల కంటే కిరసనాయిలు మేలు, పని మధ్యలో తుప్పు పట్టదు. నంబరు మారే ప్రతిసారీ భాగాన్ని, చేతులను, బల్లను తుడిచి, గిన్నెలో ద్రవం మార్చండి. 180 నంబరు రేణువు ఒక్కటి 1000 కాగితం కింద చేరితే గంట పని వెనక్కి పోతుంది.

బఫింగ్ గురించి. మీ దగ్గర రెండు వైపులా చక్రం పెట్టే మోటారు ఉంటే, మన కరెంటుకు అది నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరుగుతుంది. ఎనిమిది అంగుళాల గుడ్డ చక్రం పెడితే అంచు వేగం సెకనుకు దాదాపు 30 మీటర్లు అవుతుంది, ఉక్కుకు అది సరిపోతుంది. కోతకు నార చక్రం గాని దగ్గరగా కుట్టిన గుడ్డ చక్రం గాని, దానికి నల్ల సబ్బు. చివరి మెరుపుకు వదులు గుడ్డ చక్రం, దానికి ఆకుపచ్చ సబ్బు. సబ్బు అంటే ఇక్కడ కడుక్కునే సబ్బు కాదు, మైనంలో రుద్దుడు పొడి కలిపి కడ్డీగా పోసినది. ఒక చక్రానికి ఒకే సబ్బు, కలపకూడదు. సబ్బును రెండు సెకన్లు తాకిస్తే చాలు, ఎక్కువైతే నల్లని జిడ్డుగా భాగానికి అంటుకుంటుంది. మొదట భాగాన్ని చక్రం తిరిగే దిశకు ఎదురుగా నడిపితే కోత పడుతుంది, చివర్లో తిరిగే దిశలోనే తేలికగా నడిపితే మెరుపు తేలుతుంది. బంగారం, వెండి, ఇత్తడి వాళ్లు చివరి మెరుపుకు వాడే ఎర్ర సబ్బు ఉంది చూడండి, అందులోని ఎర్రపొడి ఇనుము ఆక్సైడే, అంటే మీ బండి మీది తుప్పుకు దగ్గరి చుట్టం. అంత సన్నగా, శుద్ధిగా తయారైతే అదే మెరుగు పెట్టే పదార్థం అవుతుంది.

యంత్రం లేకపోతే 2000 దాకా చేతితో చేసి, బ్రాసో వంటి మెటల్ పాలిష్‌ను పాత బనియను గుడ్డతో రుద్దండి. డ్రిల్లుకు తగిలించే చిన్న గుడ్డ చక్రం దొరికితే పని సగం అవుతుంది. యాంగిల్ గ్రైండరు నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరుగుతుంది, దానికి మామూలు గుడ్డ చక్రం బిగించవద్దు, చీలి మీదికి వస్తుంది.

చక్రం దగ్గర ప్రాణభయం ఉండాలి. భాగాన్ని చక్రం ఇరుసు మట్టానికి కిందుగా, మీ వైపున్న భాగంలోనే ఆనించాలి. అంచు చక్రానికి ఎదురు తిరిగి ఉండకూడదు, చక్రం అంచు మీదుగా బయటికి జారిపోయేలా పట్టుకోవాలి. ఎదురంచు తగిలితే చక్రం భాగాన్ని చేతిలోంచి లాక్కుని నేలకో పొట్టకో కొడుతుంది. మా షెడ్డులో ఒక బ్రేక్ పెడలు అలా ఎగిరి రేకుకు కన్నం పెట్టిన గుర్తు ఇంకా ఉంది. లుంగీ, తువ్వాలు, వదులు చేతుల చొక్కా, వేళ్లాడే గొలుసు, నూలు చేతి తొడుగులు, ఏవీ ఉండకూడదు. గొలుసులు, కేబుళ్లు, సన్నని రింగులను చక్రానికి ఎప్పుడూ పట్టించవద్దు. కళ్లద్దాలు, దుమ్ము ఆపే మంచి మాస్కు తప్పనిసరి. పాత బండి బోల్టుల మీద కాడ్మియం పూత ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము విషం. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాన్ని నోటితో గాని గాలి పైపుతో గాని ఊదవద్దు, తడిగుడ్డతో తుడిచి సంచిలో కట్టి పారేయండి.

అల్యూమినియం కవర్ల సంగతికి వస్తే, వాటికి పట్టేది ఎర్ర తుప్పు కాదు, తెల్లని బూజులాంటి పొర. లోతైన దెబ్బలు లేకపోతే 320తో మొదలుపెట్టండి. ఈ లోహం మెత్తనిది కాబట్టి నంబర్లు త్వరగా నడుస్తాయి, కాగితం మాత్రం త్వరగా మూసుకుపోతుంది, కిరసనాయిలు చుక్కలు వేస్తూ ఉండండి. కవరు మీద అక్షరాలు ఉంటే వాటి అంచులను ముట్టుకోకుండా చుట్టూ వేలితో పని చేయండి, ఒకసారి అరిగిన అక్షరం మళ్లీ రాదు. చక్రం దగ్గర గట్టిగా నొక్కితే అల్యూమినియం వేడెక్కి, లాగినట్టు అలలు పడుతుంది, తేలికగా పట్టాలి. కాస్టిక్ సోడా ఉన్న ఏ ద్రవంతోనూ కడగవద్దు, నల్లబడుతుంది. ఇనుముకు వాడిన కాగితాన్ని, చక్రాన్ని దీనికి వాడవద్దు. ఇనుప రేణువులు మెత్తని లోహంలో దిగబడి తర్వాత ఎర్రచుక్కలవుతాయి. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. అల్యూమినియం పొడి, తుప్పు పొడి కలిస్తే రైలు పట్టాలను అతికించడానికి వాడే మండే మిశ్రమం లాంటిదే తయారవుతుంది, నిప్పు తగిలితే ప్రమాదం. రెండు లోహాల దుమ్మునూ విడివిడిగా ఊడ్చి పారేయండి.

మెరుపు వచ్చాక ఏం చేయాలో చాలామంది అడగరు, కాని ఇనుము విషయంలో అదే కష్టమైన ప్రశ్న. పూత లేని మెరిసే ఇనుము మన కోస్తా వర్షాకాలంలో వారం కూడా నిలవదు. బొటనవేలి ముద్ర పడిన చోట ఆ ముద్ర ఆకారంలోనే తుప్పు లేవడం నేను ఎన్నోసార్లు చూశాను, చెమటలోని ఉప్పు అలా చేస్తుంది. చివరి చక్రం తర్వాత శుభ్రమైన గుడ్డతోనే పట్టుకోండి. రోడ్డు మీద తిరిగే బండికి, కాలు తగిలే గేర్ లివరుకు, కిక్ రాడ్డుకు, నా అభిప్రాయంలో నికెల్, క్రోమ్ పూతే సరైనది. మీరు 600 దాకా చక్కగా చేసి ఇస్తే పూతపని అందంగా వస్తుంది, ఎందుకంటే పూత గీతలను పూడ్చదు, ఉన్నవాటిని ఉన్నట్టే మెరిపించి చూపిస్తుంది. స్ప్రే లక్క, అంటే పిచికారీ చేసే రంగులేని వార్నిష్, మీద నాకు నమ్మకం లేదు. ఒక్కచోట గీత పడితే ఆ పొర కిందుగా తుప్పు వేర్లలా పాకుతుంది, లక్క మొత్తం గీకితే గాని తుడవలేరు. పూత వేయించే దాకా కారు మైనం పట్టించి, నెలకోసారి మళ్లీ పట్టిస్తూ ఉండండి. అల్యూమినియం కవర్లకు ఇదే మైనం చాలు, రెండు మూడు నెలలకోసారి పాలిష్ గుడ్డతో తుడిస్తే ఏళ్ల తరబడి ఉంటాయి.

మీ గేర్ లివరు విషయంలో ఇప్పుడు చేయవలసింది ఇది: 120 నంబరు ఎమరీ తప్ప కొత్తగా ఏదీ కొనకుండా, దానితో 80 గీతలు అన్నీ పోయేదాకా రుద్దండి. అది ఒక సాయంత్రం పని. అది పూర్తయ్యాకే మిగతా కాగితాలు కొనుక్కోండి.

సైలెన్సరును మాత్రం అన్నిటికంటే ముందు పరీక్షించండి. ఇంజిన్ దగ్గర గొట్టం మీద కనబడే నీలి, బంగారు రంగులు వేడి వల్ల వచ్చినవి, తుప్పు కాదు, పాలిష్‌తో చాలావరకు తగ్గుతాయి. డబ్బా భాగం మాత్రం లోపలి నుంచి తుప్పు పడుతుంది, పొగలోని నీరు అందులో నిలిచి దాన్ని తింటుంది. స్క్రూడ్రైవరు పిడితో అడుగు భాగాన పొడవునా తట్టి చూడండి. ఖంగుమని మోగితే రేకు బాగుంది. ఎక్కడైనా మొద్దుగా, పెచ్చు ఊడినట్టు చప్పుడైతే అక్కడ రేకు కాగితమంత పలచబడింది, దాని మీద ఏ మెరుగు పనీ చేయవద్దు, పూతకూ ఇవ్వవద్దు, కొత్తది చూసుకోండి.